బర్గండీ కుటుంబ ద్రాక్షతోటలు, ఎర్ర వైన్ తయారీ

తూర్పు ఫ్రాన్సులో దిజోన్ నగరం నుంచి దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని కొండవాలు సాగిపోతుంది. దాని పేరు కోత్ దోర్. వెడల్పు చాలాచోట్ల రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. లోకంలో పేరు మోసిన ఎర్ర వైన్లలో కొన్ని ఈ వాలు మీద పండే పినో న్వార్ ద్రాక్షతోనే తయారవుతాయి. ఇక్కడి తోటలు చాలావరకు కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. ఒక్కొక్కరికి ఉన్నది ఐదు నుంచి పదిహేను హెక్టార్ల నేల, అదీ ఒకచోట కాదు, పది పదిహేను చెక్కలుగా. తీగ నాటడం దగ్గర్నుంచి సీసాకు బిరడా బిగించేదాకా మొత్తం పని తానే చేసుకునే ఇలాంటి కుటుంబ క్షేత్రాన్ని అక్కడ దొమేన్ అంటారు.

బర్గండీ వైన్ గొప్పతనమంతా మట్టిదేనని చెప్పడం పరిపాటి. మట్టిది పెద్ద పాత్రే. కానీ ఆ మట్టి గుణాన్ని వరుస వరుసకూ ఎరిగి, తీగ తీగకూ చేత్తో పని చేసే మనుషులు తరాల తరబడి అక్కడే నిలిచి ఉండకపోతే ఆ గుణం సీసాలోకి వచ్చేదే కాదు. ఆ పనిని నిలబెట్టింది కుటుంబం. పంపకాలతో తోటలను ముక్కలు చేసిందీ, పన్నుల భారానికి అమ్ముకోవలసి వచ్చిందీ కుటుంబమే. బర్గండీని అర్థం చేసుకోవాలంటే ఈ రెండింటినీ కలిపి చూడాలి.

నేల

వాలు తూర్పుముఖంగా ఉంటుంది. తెల్లవారగానే ఎండ తగిలి తీగలు వేడెక్కుతాయి, పడమటి గాలివానలను కొండే అడ్డుకుంటుంది. అడుగున జురాసిక్ కాలపు సున్నపురాయి, దాని మీద సున్నం కలిసిన బంకమన్ను. కొండ నెత్తిన మన్ను మరీ పలచన, రాయి బయటపడి ఉంటుంది. కింద మైదానంలో మన్ను లోతు, తేమ ఎక్కువ. నడిమి వాలున, సుమారు 250 నుంచి 300 మీటర్ల ఎత్తులో, నీరు నిలవదు, అలాగని తీగ ఎండిపోదు. పేరున్న చెక్కలన్నీ దాదాపుగా ఈ నడిమి పట్టీలోనే ఉన్నాయి.

ఒక్కో చెక్కకూ హద్దులున్నాయి, పేరుంది, శతాబ్దాల చరిత్ర ఉంది. ఇలాంటి చెక్కలను క్లిమా అంటారు. 1,247 క్లిమాలతో కూడిన ఈ ప్రాంతాన్ని యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వోన్-రొమానే గ్రామంలో రొమానే-కోంతీ, రిష్‌బూర్ అనే రెండు చెక్కలు పక్కపక్కనే ఉంటాయి. తీగ జాతి ఒకటే, కోసే మనుషులు ఒకరే కావచ్చు, తయారీ పద్ధతి ఒకటే కావచ్చు. అయినా రుచి తెలిసినవారు ఏది ఏదో చెప్పగలరు. ఈ తేడాలను బట్టే చట్టం నేలను నాలుగు మెట్లుగా విడదీసింది: అట్టడుగున ప్రాంతం పేరుతో అమ్మేది, పైన ఊరి పేరుతో, ఆ పైన ప్రమియే క్రూ, శిఖరాన గ్రాన్ క్రూ. గ్రాన్ క్రూలు మొత్తం 33. ఇక్కడ హోదా తయారీదారుకు కాదు, నేలకు. ఎవరు కొన్నా ఆ హోదా నేలతోనే ఉంటుంది.

ముక్కలైన తోటలు

మధ్యయుగాల్లో ఈ వాలులో మంచి భాగాలు మఠాలవి. 1098లో స్థాపించిన సీతో మఠపు సన్యాసులు క్లో ద వూజో అనే తోటను చుట్టూ గోడ కట్టి సాగు చేశారు. ఏ మూల పండిన పండుతో ఎలాంటి వైన్ వస్తుందో ఓపికగా గమనించినది మొదట ఈ మఠాలవాళ్లే. పాలకులూ కల్పించుకున్నారు. బర్గండీ ప్రభువు ఫిలిప్ 1395లో, విరగకాసే గమే రకాన్ని పీకేయమని ఆజ్ఞ ఇచ్చి, పినో వైపు మొగ్గాడు. 

ఫ్రెంచి విప్లవం వచ్చి మఠాల భూములను జప్తు చేసి వేలం వేసింది. తర్వాత 1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి, తండ్రి ఆస్తిలో పిల్లలందరికీ వాటా తప్పనిసరి చేసింది. పెద్దకొడుక్కే అంతా కట్టబెట్టే పాత దొరల పద్ధతి పోయింది. న్యాయంగా చూస్తే అది మంచి మార్పే. తోటల విషయంలో మాత్రం ప్రతి చావూ ఒక పంపకమైంది. క్లో ద వూజో 1889 వరకూ ఒకే యజమాని చేతిలో ఉండి, ఆ తర్వాత చీలిపోయింది. సుమారు 50 హెక్టార్ల ఆ ఒక్క తోటకు ఇప్పుడు దాదాపు 80 మంది యజమానులు. ఒకే గోడ లోపల, ఒకే పేరుతో, దాదాపు 80 రకాల శ్రద్ధ, అశ్రద్ధ. అందుకే సీసా మీద చెక్క పేరు ఎంత పెద్దదైనా, తయారుచేసిన ఇంటి పేరు చూడకుండా బర్గండీ కొనకూడదని తెలిసినవారు చెబుతారు. ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం.

వోన్-రొమానేలోని గ్రో వంశాన్ని తీసుకుంటే ఈ చీలిక ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఒకనాటి ఒకే ఆస్తి నుంచి ఇవాళ మిషెల్ గ్రో, ఆన్ గ్రో, ఆ.ఎఫ్. గ్రో, గ్రో ఫ్రేర్ ఎ సర్ అని నాలుగు దొమేన్లు వెలిశాయి. వరసకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు. రిష్‌బూర్‌లో ఒకప్పటి తమ చెక్కను పంచుకున్నారు. పెళ్లిళ్లు దీనికి ఎదురు దిశలో పనిచేస్తాయి. కట్నంగా వచ్చిన నాలుగు వరుసలు ఇంకో ఊళ్లోని ఆరు వరుసలతో కలుస్తాయి. గ్రామాల్లో జంట ఇంటిపేర్లతో ఉన్న దొమేన్లు అన్ని ఉండటానికి ఇదే మూలం. భూమి లేనివారికి ఇంకో దారి ఉంది: పంటలో వాటా ఇచ్చే పద్ధతి మీద తోట తీసుకోవడం. యజమానికి సగమో మూడోవంతో ద్రాక్షగానో వైన్‌గానో ఇచ్చి మిగిలింది తాను ఉంచుకుంటాడు. చాలామంది గొప్ప తయారీదారులు ఇలా మొదలైనవారే.

తోటలో ఏడాది

హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద పాకిన అనాబెషాహి తోటలను చూసిన కంటికి బర్గండీ తోట చిన్నబోయినట్టు కనిపిస్తుంది. మోడు మోకాలి ఎత్తు దాటదు, ఆకులతో కలిపి ఛాతీ ఎత్తు. వరుసకూ వరుసకూ మధ్య మీటరు దూరం, తీగకూ తీగకూ మధ్య మీటరే. హెక్టారుకు 10,000 తీగలు. వరుసల మధ్య మామూలు ట్రాక్టరు పట్టదు కాబట్టి, తీగల మీదుగా రెండు వైపులా చక్రాలు వేసుకుని నడిచే పొడుగు ట్రాక్టర్లు వాడతారు. కొన్ని కుటుంబాలు మన్ను గట్టిపడకూడదని మళ్లీ గుర్రాలతో దున్నిస్తున్నాయి.

పని కోతతో ముగిసి కత్తిరింపుతో మొదలవుతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా, చలిలో, వంగి వంగి, ఒక్కో తీగనూ చూసి కత్తిరించాలి. నిరుటి కొమ్మల్లో ఒక పొడుగుదాన్ని అయిదారు కన్నులతో ఉంచి, రెండు కన్నులున్న పొట్టి కొమ్మ ఒకటి వచ్చే ఏటి కోసం వదిలి, మిగతావి తీసేస్తారు. ఈ పద్ధతి పేరు గుయో. ఏ కొమ్మ ఉంచాలన్నది ఒక్క చూపులో తేల్చే నిర్ణయం. తప్పు కోత పడితే తెగులు మోడులోకి దిగి పదేళ్ల తర్వాత తీగ చచ్చిపోతుంది. తోటలో అన్నిటికంటే నైపుణ్యం కావలసిన పని ఇదేనని నా అభిప్రాయం. వైన్ గురించి రాసేవాళ్లు సెల్లారు (వైన్ పులిసి, నిలవుండే గది) గురించి పేజీలకు పేజీలు రాసి దీన్ని ఒక్క వాక్యంలో దాటేయడం అన్యాయం. కత్తిరించిన పుల్లలను వరుసల మధ్యే చక్రాల బండిలాంటి ఇనప పొయ్యిలో కాలుస్తారు. సొంత మనుషులు చాలని చోట ఒక్కో మనిషి సుమారు మూడు హెక్టార్లు గుత్తకు తీసుకుని, కత్తిరింపు నుంచి వేసవి పని దాకా చూసుకుంటాడు. ఏటా అదే మనిషి అదే తీగల దగ్గరికి రావడం యజమానికి పెద్ద ఆస్తి.

ఏప్రిల్‌లో చిగురు వస్తుంది, భయమూ అప్పుడే వస్తుంది. ఒక్క రాత్రి మంచు కురిసి గడ్డకడితే ఆ ఏటి పంట పోతుంది. 2016లోనూ, 2021లోనూ ఏప్రిల్ చలి కోత్ దోర్‌ను దారుణంగా దెబ్బ తీసింది. రాత్రి రెండు గంటలకు లేచి వరుసల మధ్య వందల కొద్దీ పెద్ద మైనపు దీపాలు వెలిగించి గాలిని ఒకటి రెండు డిగ్రీలు వెచ్చబరచడమే ఎక్కువమందికి ఉన్న ఆయుధం. మేలో అక్కర్లేని చిగుళ్లు గిల్లేస్తారు, పూత ముందూ తర్వాతా రెమ్మలను చేత్తో ఎత్తి వరుస పొడవునా కట్టిన ఇనప తీగెల మధ్య నిలబెడతారు. పూత నుంచి కోతకు సుమారు 100 రోజులు. పినో గుత్తి బిగువుగా, పండ్లు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. తొక్క పలచన. వాన పడి గాలి ఆడకపోతే లోపలి నుంచే కుళ్లుతుంది. అందుకే ఆకు దూసి గుత్తికి గాలి తగలనిస్తారు.

బూజు తెగులుకు మందు మన రైతులకు బాగా తెలిసిందే. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం పుట్టింది ఫ్రాన్సు ద్రాక్షతోటల్లోనే. 1880లలో మిల్లార్దే అనే శాస్త్రవేత్త దీన్ని వెలుగులోకి తెచ్చాడు. సేంద్రియ సాగు చేసేవాళ్లకు ఇప్పటికీ ఇదే ప్రధాన ఆధారం. అయితే రాగి మట్టిలో పేరుకుపోతుంది. అందుకని యూరప్ నిబంధనల ప్రకారం హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలకు మించి రాగి వాడకూడదు. వానలు ఎక్కువైన ఏట ఈ హద్దులో ఉంటూ పంట దక్కించుకోవడం కత్తి మీద సాము.

ఇక నీరు. ఇక్కడ తోటలకు నీళ్లు కట్టరు. తీగ వేళ్లు రాతి పగుళ్లలోకి దిగి వెతుక్కోవలసిందే. దిగుబడికీ హద్దుంది. గ్రాన్ క్రూ ఎర్ర వైన్‌కు హెక్టారుకు సుమారు 35 హెక్టోలీటర్లు, అంటే దాదాపు 4,700 సీసాలు. పదివేల తీగల మీద లెక్కేస్తే తీగకు అర సీసా కూడా రాదు.

వేరును మార్చిన పేను

1878లో ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు కోత్ దోర్‌కు చేరింది. అమెరికా నుంచి వచ్చిన ఈ పురుగు వేళ్లను పీల్చి తీగలను చంపేసింది. చివరికి దొరికిన పరిష్కారం అమెరికా జాతి వేరు మీద పినో కొమ్మను అంటు కట్టడం. ఇవాళ బర్గండీలో తీగలన్నీ ఇంచుమించు అంటు తీగలే. దీన్ని చివరిదాకా ఒప్పుకోని తోట రొమానే-కోంతీ. విస్తీర్ణం 1.8 హెక్టార్లు, అంటే నాలుగున్నర ఎకరాలు. 1869లో దువో-బ్లోషే అనే ఆయన దాన్ని కొన్నాడు. ఆయన సంతతికి చెందిన ద విలేన్ కుటుంబం, 1942లో సగం వాటా కొన్న ల్రవా కుటుంబం కలిసి ఇప్పటికీ నడుపుతున్నాయి. పాత సొంత వేళ్ల తీగలను కార్బన్ డైసల్ఫైడ్ మట్టిలోకి ఎక్కించి దశాబ్దాలు కాపాడారు. యుద్ధకాలంలో మందూ మనుషులూ దొరకలేదు. 1945 కోతలో వచ్చింది 600 సీసాలే. తీగలు పీకేసి 1947లో అంటు మొక్కలు నాటారు. 1946 నుంచి 1951 వరకు ఆ పేరుతో వైన్ లేదు. ఆ 600లో ఒక సీసా 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. ఆరేళ్ల పాటు ఆదాయం లేకుండా, తోట మళ్లీ నిలదొక్కుకునేదాకా ఆగడం పైసా పైసా లాభం లెక్కగట్టే వాటాదారులకు చేతనయ్యే పని కాదు.

సెల్లారులో

కోత చేత్తో, చిన్న కత్తెరలతో. ఒకప్పుడు సెప్టెంబరు చివర్లో, ఇప్పుడు చాలా ఏళ్లలో ఆ నెల మొదట్లోనే, 2020లో ఆగస్టులోనే. కుళ్లిన, పండని పండ్లను బల్ల మీద ఏరేస్తారు. తర్వాత కాడ తీయాలా వద్దా అన్నది ఇళ్ల మధ్య పాత వాదం. కాడలతో సహా పులియబెడితే పరిమళం వస్తుందనీ, వేడి తగ్గుతుందనీ ఒక పక్షం. కాడ పచ్చిగా ఉంటే వగరూ పసరూ వస్తాయని రెండో పక్షం. రొమానే-కోంతీ దొమేన్ మొదటి వైపు, వోన్-రొమానే తయారీదారు ఆన్రీ జాయే రెండో వైపు. ఇద్దరి వైన్లూ గొప్పవే కాబట్టి ఇందులో తీర్పు చెప్పనక్కర్లేదు.

పినో రసం లేతరంగుది, రంగంతా తొక్కలో ఉంటుంది. అందుకే తొక్కతో కలిపి పులియబెడతారు. మూత లేని కర్ర తొట్టిలోనో, సిమెంటు, స్టీలు తొట్టిలోనో పండ్లు పడ్డాక కొన్ని రోజులు చల్లగా నానుతాయి. తర్వాత తొక్క మీదా సెల్లారులోనూ ఉన్న ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మార్చడం మొదలెడుతుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాలవుతుంది. 13 శాతానికి దాదాపు 220 గ్రాములు కావాలి. వేడి 30 డిగ్రీలు దాటుతుంది, కార్బన్ డయాక్సైడ్ తొక్కలను పైకి నెట్టి గట్టి అట్టు కడుతుంది. దాన్ని కర్ర దిమ్మెతో, కొన్నిచోట్ల ఇప్పటికీ మనిషే తొట్టిలోకి దిగి కాళ్లతో, రోజుకు ఒకటి రెండుసార్లు కిందికి తొక్కుతారు. ఆ వాయువు వల్ల ఊపిరాడక చనిపోయినవాళ్లు ఉన్నారు కాబట్టి ఒంటరిగా ఎవరూ దిగకూడదు. ఎక్కువ తొక్కితే గింజల వగరు దిగుతుంది, తక్కువైతే వైన్ పలచనవుతుంది. రెండు మూడు వారాల తర్వాత వైన్‌ను వడగట్టి, పిప్పిని మెల్లగా పిండి, పీపాల్లోకి దించుతారు.

బర్గండీ పీపా 228 లీటర్లది, సుమారు 300 సీసాలకు సరి. త్రోన్సే లాంటి అడవుల ఓక్ కలపను రెండు మూడేళ్లు ఎండావానల్లో ఆరబెట్టి, మంట మీద కాల్చి వంచి చేస్తారు. కొత్త పీపా తన వాసన ఇస్తుంది, పాతది ఇవ్వదు. పైమెట్టు వైన్‌కు కొత్తవి ఎక్కువ, ఊరి వైన్‌కు తక్కువ వాడటం రివాజు. నేల చిన్నదైన కొద్దీ ఈ పని కష్టమవుతుంది. పావెకరం చెక్క ఉన్నవాడికి ఒక పీపానర వైన్ వస్తుంది. దాన్ని వేరే చెక్క పంటతో కలపడానికి లేదు. పది పదిహేను చెక్కల కుటుంబం పది పదిహేను వైన్లను విడివిడిగా పులియబెట్టి, విడివిడిగా రుచి చూసి, విడివిడిగా సీసాల్లో నింపాలి.

శీతాకాలమో మరుసటి వసంతమో పీపాల్లో రెండో మార్పు జరుగుతుంది. బాక్టీరియా పుల్లటి మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. కర్ర గుండా ఆవిరైన మేర తరచూ పీపాను నింపుతూ ఉండాలి. ఖాళీ ఉంటే గాలి తగిలి వైన్ పులిసి వెనిగరవుతుంది. 12 నుంచి 18 నెలల తర్వాత సీసాలకెక్కుతుంది.

ఇంటి పేరు సీసా మీదికి

ఇరవయ్యో శతాబ్దం మొదటిదాకా రైతు కుటుంబాలు వైన్‌ను పీపాల్లో బోన్, నుయ్-సాన్-జార్జ్ పట్టణాల వర్తకులకు అమ్మేసేవి. వాళ్లు కలిపి, తమ పేరుతో అమ్మేవాళ్లు. పేరున్న ఊరి వైన్‌లో ఇంకా దక్షిణాన ఉన్న ప్రాంతాల చవక వైన్ కలిసేది. వోల్నేలో మార్కీ దాంజెర్విల్, నుయ్-సాన్-జార్జ్‌లో ఆన్రీ గూజ్, జెవ్రే-షాంబెర్తాన్‌లో ఆర్మాన్ రూసో ఈ మోసాన్ని ఎదిరించి, తమ వైన్‌ను తామే సీసాల్లో నింపడం మొదలుపెట్టారు. వర్తకులు వీళ్ల దగ్గర కొనడం మానేశారు. విమర్శకుడు రేమోన్ బోదూఎన్ ప్రోత్సాహమూ, మద్యనిషేధం ఎత్తేసిన తర్వాత అమెరికాలో దొరికిన గిరాకీ వాళ్లను నిలబెట్టాయి. పుట్టిన చోటును చట్టబద్ధం చేసే ఫ్రెంచి వ్యవస్థ కూడా ఆ 1930లలోనే రూపుదిద్దుకుంది. రూసో దొమేన్‌లో ఆర్మాన్ తర్వాత కొడుకు షార్ల్, ఆ తర్వాత మనవడు ఎరిక్, ఇప్పుడు మునిమనవరాలు సిరియెల్ పని చేస్తున్నారు.

ఆన్రీ జాయే (1922–2006) కథ వేరు. ఆయన పేరు మోసింది ఎక్కువగా పంటవాటా పద్ధతిలో పరాయి తోట సాగు చేసి. రిష్‌బూర్ పైన, యుద్ధకాలంలో దుంపలు పండించి వదిలేసిన క్రో పారాంతూ అనే రాతి చెక్కను డైనమైట్‌తో పేల్చి తీగలు నాటాడు. 1978 నుంచి దాన్ని విడి వైన్‌గా సీసాలకెక్కించాడు. అది గ్రాన్ క్రూ కాదు, కేవలం ప్రమియే క్రూ. ధర మాత్రం చాలా గ్రాన్ క్రూలను దాటేసింది. నేలకే హోదా ఇచ్చే వ్యవస్థలో మనిషి చెయ్యి ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

ధర, పన్ను, వేడి

ఇప్పుడు గ్రాన్ క్రూ హెక్టారు సగటు ధర అరవై లక్షల యూరోల పైమాటే. వైన్ అమ్మితే వచ్చే ఆదాయానికీ ఈ ధరకూ పొంతన లేదు. ఫ్రాన్సులో వారసత్వపు పన్ను పిల్లలకు 45 శాతం దాకా వెళ్లగలదు, అదీ భూమి విలువ మీద. సాగు చేసే ఒక్కరు ఊళ్లో ఉండి, ఉద్యోగాలకు వెళ్లిన ముగ్గురు తోబుట్టువులు తమ వాటా డబ్బుగా అడిగితే, ఉన్నవాడు కొనలేడు. అప్పుడు బయటి ధనం వస్తుంది. క్లో దె లాంబ్రే తోట 2014లో విలాస వస్తువుల సంస్థ ఎల్‌వీఎమ్‌హెచ్‌కూ, 1932 నుంచి మొమెసాన్ కుటుంబానిదైన క్లో ద తార్ తోట 2017లో వ్యాపారవేత్త ఫ్రాన్స్వా పినో కుటుంబ సంస్థకూ వెళ్లాయి. కొత్త యజమానులు పనిలో లోటు చేయడం లేదు, ఖర్చుకూ వెనకాడటం లేదు. అయితే ఒక్కో అమ్మకం పక్కింటి నేల విలువను కూడా పెంచి, ఆ ఇంటి పన్నును మోయలేనిదిగా చేస్తుంది. చాలా కుటుంబాలు భూమిని ముక్కలు కానివ్వకుండా ఉమ్మడి భూసంస్థగా మార్చి, తోబుట్టువులకు వాటాపత్రాలు ఇచ్చి, సాగు మాత్రం ఒకరి చేతిలో ఉంచుతున్నాయి. కొందరు పొరుగువాళ్ల ద్రాక్ష కొని తమ సెల్లారులో వైన్ చేసి నష్టం పూడ్చుకుంటున్నారు.

వాతావరణమూ మారింది. బోన్‌లో 1354 నుంచి 2018 దాకా కోత మొదలైన తేదీలను పరిశోధకులు కూర్చి చూశారు. 1987 వరకు సగటున సెప్టెంబరు 28న మొదలైన కోత, 1988 తర్వాత సగటున 13 రోజులు ముందుకు జరిగింది. ఒకప్పుడు పండు పూర్తిగా పండక చక్కెర కలపవలసిన చోట, ఇప్పుడు పులుపు పోకముందే కోయడం సమస్య. దీంతో లాభపడింది కొండ వెనక, 400 మీటర్ల ఎత్తు ప్రాంతంలోని ఓత్ కోత్ గ్రామాలు. చలికి పండు పండదని చిన్నచూపు చూసిన నేల అది. కోత్ దోర్‌లో చారెడు నేల కొనలేని యువ దంపతులు ఇప్పుడు అక్కడ పినో నాటుతున్నారు, పాత దొమేన్లలో పంపకంలో వాటా దక్కని చిన్న కొడుకులూ కూతుళ్లూ వాళ్లలో ఉన్నారు.